పేరు మారినా పదార్థం అదేనా? – ప్రవాహ దత్తాంశంలో స్కీమా మార్పులు, భాషా నమూనాలు, ఆప్తత్వ విచారం

వ్యాస సంగ్రహం: నిరంతరం ప్రవహించే దత్తాంశపు అమరిక మారినప్పుడు పాత అంశమూ కొత్త అంశమూ ఒకటేనా అని తేల్చే పనిని భాషా నమూనాకు అప్పగించవచ్చునా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని కొలత కేంద్రాలను, తెలంగాణ నిత్యజీవితంలోని కొన్ని రికార్డు పద్ధతులను ఆధారం చేసుకొని, న్యాయశాస్త్రంలోని శాబ్దబోధ, అభావ విచారాల వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలించడం జరిగింది. అర్థాన్ని సూచించే పనిని యంత్రానికి ఇవ్వవచ్చు గాని, అర్థానికి పూచీ పడే పనిని ఇవ్వడానికి వీలులేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్కీమా, ప్రవాహ దత్తాంశం, భాషా నమూనా, యోగ్యత, తాత్పర్యం, అభావం, ఆప్తుడు, పూచీ.

1. ప్రవేశిక

హైదరాబాదు తూర్పు భాగంలో ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు ప్రాంతాలు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1961లో ఏర్పడిన ఈ సంస్థలోని భూకంప నమోదు కేంద్రం ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నిర్వహించే జియోస్కోప్ అనే ప్రపంచవ్యాప్త జాలంలో ‘హెచ్‌వైబీ’ అనే మూడక్షరాల పేరుతో ప్రసిద్ధం. అక్కడికి కొద్ది దూరంలోనే, నాచారం పారిశ్రామికవాడలో, గాలి నాణ్యతను ఎడతెగకుండా కొలిచే కాలుష్య నియంత్రణ మండలి కేంద్రం ఉంది. ఒకటి నేల కదలికను వింటుంది. మరొకటి గాలిలోని ధూళిని లెక్కిస్తుంది. రెండూ చేసే పని ఒక విధంగా ఒకటే. అడిగేవారు ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట ఉంటారనే నమ్మకంతో, ఎవరూ అడగకముందే సంఖ్యలను వరుసగా లోకానికి పంపుతుంటాయి.

ఈ సంఖ్యలు ఒంటరిగా ప్రయాణం చేయవు. ఏ గడిలో ఏముంది, ఏ ప్రమాణంలో ఉంది, ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అని చెప్పే ఒక వివరణ వాటి వెంట ఉంటుంది. సాంకేతికులు దాన్ని స్కీమా అంటారు. పరికరాలు మారతాయి, చట్టాలు మారతాయి, సంస్థల పేర్లు మారతాయి. వాటితోపాటు స్కీమా మారక తప్పదు. మారిన ప్రతిసారీ ఒకరు కూర్చొని, పాత స్కీమాలోని ఈ గడికి కొత్త స్కీమాలోని ఏ గడి సమానమో తేల్చాలి. విసుగు పుట్టించే పని. అందుకే ఇటీవలి కాలంలో ఈ పనిని భాషా నమూనాలకు అప్పగించే ప్రయత్నాలు మొదలయ్యాయి. రెండు స్కీమాలను, కొన్ని నమూనా వరుసలను ముందుంచితే, క్షణాల్లో పొంతన పట్టిక తయారుచేసి, మార్పిడికి కావలసిన ప్రోగ్రామును కూడా రాసి ఇస్తాయి.

ఈ ఏర్పాటులో ఖర్చు ఎంత, వేగం ఎంత అనేవి ఇంజనీర్ల ప్రశ్నలు. తెలుగు శాఖవారి పత్రికలో ఈ విషయాన్ని చర్చకు పెట్టడానికి కారణం వేరు. ‘ఈ రెండు మాటలకూ అర్థం ఒక్కటే’ అని చెప్పే అధికారం ఎవరిది? ఆ మాట తప్పైతే దోషం ఎవరిది? ఇవి శబ్దార్థ సంబంధానికి చెందిన ప్రశ్నలు. మన శాస్త్రాలు వీటిని చాలాకాలం క్రితమే లోతుగా చర్చించాయి.

2. అరసున్న చెప్పే పాఠం

ప్రవాహ దత్తాంశ వ్యవస్థల్లో బాగా ప్రచారంలో ఉన్నది కాఫ్కా. దీన్ని లింక్డిన్ సంస్థ తన అవసరాల కోసం నిర్మించి, 2011లో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ఇందులో రాసేవాడికీ చదివేవాడికీ ముఖపరిచయం ఉండదు. రాసేవాడు వరుసగా రాస్తూ పోతాడు. ఎవరెవరు చదువుతున్నారో అతనికి తెలియనవసరం లేదు. కాబట్టి ఇద్దరి మధ్య ఒప్పందంగా నిలిచేది స్కీమా ఒక్కటే. స్కీమాలను భద్రపరిచే రిజిస్ట్రీ, మార్పు వచ్చినప్పుడు రెండు విషయాలను పరీక్షించగలదు. కొత్త పాఠకుడు పాత రాతను చదవగలడా? పాత పాఠకుడు కొత్త రాతను చదవగలడా? రెండూ కుదిరితే మార్పు పూర్తిగా అనుకూలమైనదని తీర్పు చెబుతుంది.

ఈ రెండు ప్రశ్నలూ తెలుగువారికి కొత్తవి కావు. మన రాత నుంచి అరసున్న తొలగిపోవడం ఒక స్కీమా మార్పే. అరసున్నతో ‘ఏఁడు’ అంటే సంవత్సరం. అరసున్న లేకుండా ‘ఏడు’ అంటే సంఖ్య. నేటి పాఠకుడు పాత ముద్రణను చదవగలడు. నాటి పండితుడు నేటి ముద్రణను చూసినా చదవగలిగేవాడే. రిజిస్ట్రీని అడిగితే ఈ మార్పు రెండు వైపులా అనుకూలమేనంటుంది. అయినా ఒక భేదం లుప్తమైంది. ఆ లోటు మనల్ని బాధించకపోవడానికి కారణం వాక్యంలోని సందర్భం. ‘ఏడు గడిచింది’ అన్నప్పుడు సంవత్సరమనీ, ‘ఏడు రూపాయలు’ అన్నప్పుడు సంఖ్య అనీ పక్క మాటలు చెప్పేస్తాయి.

సంఖ్యల పట్టికలో ఈ సదుపాయం లేదు. ఒక గడిలో ‘43’ అని ఉంటే దాని పైనా కిందా ఉన్నవి కూడా సంఖ్యలే. అవి ఒకదాని అర్థాన్ని మరొకటి చెప్పవు. సందర్భమంతా స్కీమాలోనో, దాన్ని రాసినవారి జ్ఞాపకంలోనో ఉంటుంది. భాషా నమూనా బలమంతా పక్క మాటలను బట్టి అర్థాన్ని ఊహించడంలో ఉంది. పక్క మాటలే లేని చోట ఆ బలం ఎంతవరకు పనికివస్తుందన్నది మనం గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి.

3. ఆకాంక్ష, సన్నిధి, యోగ్యత, తాత్పర్యం

పదాల కూర్పు నుంచి వాక్యార్థం తెలియడానికి మూడు అంశాలు కారణమని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. పదాలు ఆలస్యం లేకుండా దగ్గర దగ్గరగా ఉండడం సన్నిధి. చెప్పిన అర్థానికి బాధ కలగకపోవడం యోగ్యత. నిప్పుతో తడపమంటే వ్యాకరణం సరిగానే ఉంటుంది గాని, తడిపే యోగ్యత నిప్పుకు లేదు. వీటికి తోడు తాత్పర్యాన్ని కూడా నైయాయికులు చర్చించారు. ‘సైంధవం’ అంటే ఉప్పూ అవుతుంది, గుర్రమూ అవుతుంది. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే గుర్రాన్ని తోలుకురాకూడదు. చెప్పినవాడి ఉద్దేశం తెలిస్తేనే అర్థం నిర్ణయమవుతుంది.

స్కీమా రిజిస్ట్రీ చేసే పరీక్షను ఈ నాలుగింటితో పోల్చి చూద్దాం. ఉండవలసిన గడులన్నీ ఉన్నాయా అని చూడడం ఆకాంక్ష పరీక్ష. అవి ఉండవలసిన అమరికలో ఉన్నాయా అని చూడడం కొంతవరకు సన్నిధి పరీక్ష. సంఖ్య ఉండవలసిన చోట సంఖ్యే ఉందా అని చూడడంతో యోగ్యతను అంచు మేరకు తాకుతుంది. తాత్పర్యం జోలికి పోదు. పోవడం దానికి సాధ్యం కాదు.

ఈ లోటు ఎంత దూరం తీసుకుపోతుందో భూమి కొలతలు చెబుతాయి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు. ‘2.20’ అని ఒక గడిలో ఉందనుకుందాం. ఉప్పల్ రైతు కాగితంలో అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు, 12,100 చదరపు గజాలు. గుంటూరు రైతు కాగితంలో అది రెండెకరాల ఇరవై సెంట్లు, అంటే 10,648 చదరపు గజాలు. తేడా 1,452 గజాలు. రెండు చోట్లా గడి పేరు ‘విస్తీర్ణం’, రెండు చోట్లా దశాంశ సంఖ్య. రిజిస్ట్రీ దృష్టిలో మార్పే లేదు. ఎకరాల లెక్క మరిచి గజాల లెక్కలో క్రయవిక్రయాలు జరిగే నేటి ఉప్పల్‌లో 1,452 గజాలు ఒక కుటుంబం తలరాతను మార్చగల విస్తీర్ణం.

ఇక్కడ భాషా నమూనా రిజిస్ట్రీ కంటే ఒక అడుగు ముందుకు వేయగలదన్నది నిజం. చుక్క తరవాత 40 గాని అంతకు మించిన సంఖ్య గాని ఎక్కడైనా కనిపిస్తే అది గుంటల లెక్క కాదని పట్టుకోగలదు. పక్క గడిలో ఊరి పేరుంటే ఏ ప్రాంతమో ఊహించగలదు. ఇది యోగ్యతా విచారమే, మెచ్చుకోవలసిన సహాయమే. అయితే దానికి చూపిన పది వరుసల్లో 39కి మించిన సంఖ్య ఒక్కటీ లేకపోతే? రెండు లెక్కలూ సమానంగా పొసుగుతాయి. అప్పుడు అది చెప్పేది ఎక్కువసార్లు నిజమయ్యే అర్థాన్ని మాత్రమే. ఈ కాగితం రాసినవాడు ఉద్దేశించిన అర్థం అదేనని నమ్మడానికి ఆధారం ఉండదు. ఎక్కువసార్లు నిజమయ్యేదాన్ని ఈసారీ నిజమని రాసేయడం వల్ల నష్టపోయేవాడు ఆ లెక్కలో కనిపించడు.

నాచారం గాలి కేంద్రానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. 2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం సూక్ష్మధూళి పీఎం 2.5కు 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. చాలా కాలుష్యకాలను మైక్రోగ్రాముల్లో చెప్పే ఆ జాబితాలోనే కార్బన్ మోనాక్సైడును మిల్లీగ్రాముల్లో చెబుతారు. దాని ఎనిమిది గంటల పరిమితి 2 మిల్లీగ్రాములు. ఎవరైనా పొరపాటున అన్నిటినీ ఒకే ప్రమాణంగా తీసుకుంటే తేడా వెయ్యిరెట్లు. అంత పెద్ద తప్పు తనను తానే పట్టిస్తుంది. పట్టించనిది చిన్న తప్పు. పీఎం 2.5 గడిలో నిన్నటిదాకా పావుగంట సగటు వచ్చి, కొత్త స్కీమాలో 24 గంటల సగటు వస్తోందనుకుందాం. పేరు అదే, ప్రమాణం అదే, సంఖ్య కూడా ఇంచుమించు అలాంటిదే. అయితే తెల్లవారుజామున రెండు గంటలపాటు పెరిగిన ధూళి కొత్త సగటులో కలిసిపోయి కనబడదు. ఆ వేళ ఉబ్బసంతో లేచి కూర్చున్నవాడికి ఆ కేంద్రం సాక్ష్యం చెప్పడం మానేసినట్టే.

1999 సెప్టెంబరులో అంగారకుని చేరబోయిన నాసా నౌక ఒకటి నాశనం కావడానికి కారణం, ఒక జట్టు పౌండ్ల లెక్కలో ఇచ్చిన సంఖ్యను మరొక జట్టు న్యూటన్ల లెక్కలో చదవడం. అక్కడ నష్టం లోకానికి కనబడింది. దత్తాంశ ప్రవాహాల్లో జరిగే తప్పులకు ఆపాటి చప్పుడు కూడా ఉండదు.

4. సున్న, ఖాళీ: అభావ విచారం

స్కీమా మార్పుల్లో తరచుగా జరిగేది కొత్త గడిని చేర్చడం. ప్రచారంలో ఉన్న ఆవ్రో వంటి పద్ధతుల్లో ఇందుకొక నియమం ఉంది. కొత్త పాఠకుడు పాత రాతను చదవాలంటే, పాత రాతలో లేని ఆ గడికి ఒక ముందస్తు విలువ ప్రకటించాలి. ‘లేదు’ అని చెప్పే ఏర్పాటు ఆ పద్ధతిలో ఉంది. కాని అది కాస్త అదనపు శ్రమ. సున్న రాయడం తేలిక. పరీక్ష రెండింటినీ ఒకేలా ఆమోదిస్తుంది. ఈ విధంగా ఒక సాంకేతిక నియమం, తనకు తెలియకుండానే, మనిషిని ఒక చిన్న అబద్ధం వైపు నెడుతుంది.

అది అబద్ధం ఎలా అవుతుంది? గాలి కేంద్రంలో పరికరాన్ని సరిచూస్తున్న రెండు గంటలకు సున్న రాస్తే, ఆ రెండు గంటలూ నాచారంలో మచ్చలేని గాలి వీచిందని అర్థం. రోజు సగటు తగ్గుతుంది. ఇక ఉప్పల్ కూడలిలో బస్సెక్కే మహిళ చేతిలోని టికెట్టును చూద్దాం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఇచ్చేది జీరో టికెట్. అక్కడ సున్న అచ్చమైన సత్యం. ప్రయాణం జరిగింది, ప్రయాణికురాలి నుంచి డబ్బు తీసుకోలేదు, ఆ మొత్తాన్ని ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. ఆ సున్నను ‘విలువ లేదు’ అని చదివి తీసేసే యంత్రం, జరిగిన ప్రయాణాన్నే జరగలేదంటుంది. ఒక చోట సున్న రాయడం తప్పు. మరొక చోట సున్న తీసేయడం తప్పు.

మనవారు అభావాన్ని ఒక పదార్థంగా అంగీకరించి నాలుగు విధాలుగా విభజించడంలోని విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒక వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం: ఆ గడి ఏర్పడకముందు నమోదైన వరుసల స్థితి ఇది. ఉన్నది నశించిన తరవాతి లేమి ప్రధ్వంసాభావం: పరికరాన్ని తొలగించిన తరవాతి స్థితి ఇది. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం: భూకంప నమోదు కేంద్రంలో ధూళి విలువను వెతకడం ఇలాంటిది. ఇది అది కాదనడం అన్యోన్యాభావం: రెండు గడులను ఒకటి చేయబోయే ముందు గుర్తుంచుకోవలసింది ఇదే. మన దత్తాంశ పట్టికల్లో ఈ నాలుగింటికీ కలిపి ఒకే ఒక ఖాళీ గడి దిక్కు. ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో రాసే చోటు పట్టికలో లేకపోతే, ఎంత తెలివైన నమూనా అయినా దాన్ని లోపలి నుంచి కనిపెట్టలేదు. ఆ కారణం కేంద్రం తాళం తీసి పరికరాన్ని విప్పిన మనిషికి తెలుసు.

5. నామం, నామి

2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ సంకేతం ‘టీఎస్’ నుంచి ‘టీజీ’కి మారింది. సంస్థల పేర్లలోనూ అదే మార్పు వచ్చింది. నాచారం గాలి కేంద్రం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాబితాకు ఎక్కిన పేరులోనే రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ పేరు ఉంది. ఆ సంస్థ పేరు ‘టీఎస్’ అక్షరాలతో మొదలయ్యేది. పేరునే గుర్తుగా వాడుకునే వ్యవస్థలో ఆ రెండక్షరాలు మారితే పాత కేంద్రం మూతపడి కొత్త కేంద్రం పుట్టినట్టు కనిపిస్తుంది. అలాగే 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఉప్పల్ ఆ తరవాత మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు చెందింది. ఊరు కదలలేదు, రికార్డులో చోటు మాత్రం కదిలింది. ఇటువంటి మార్పులను భాషా నమూనా చక్కగా గుర్తిస్తుంది. ఎందుకంటే ఇవి లోకంలో ప్రకటితమై, పత్రికల్లోకి ఎక్కి, అది చదివిన రాతల్లో భాగమైన మార్పులు.

మరొక విధమైన మార్పు ఉంది. భూకంప లేఖన సంప్రదాయంలో ప్రతి ధారకూ మూడక్షరాల సంకేతం ఉంటుంది. చివరి అక్షరం దిశను చెబుతుంది: నిలువుకు ‘జడ్’, ఉత్తరానికి ‘ఎన్’, తూర్పుకు ‘ఈ’. పరికరం నిజమైన ఉత్తర, తూర్పు దిశల నుంచి ఐదు డిగ్రీలకు మించి పక్కకు తిరిగి ఉంటే ఆ అక్షరాలను వాడకూడదు. ‘1’, ‘2’ అని రాసి, అసలు కోణాన్ని వేరే చోట నమోదు చేయాలి. ‘ఎన్’ స్థానంలో ‘1’ రాసినవాడు ఒప్పుకుంటున్నది ఇది: ‘ఇది ఉత్తరం అనడానికి నాకు అధికారం లేదు.’ పైకి చూస్తే ఇదీ ‘టీఎస్’ ‘టీజీ’ కావడం వంటి అక్షరమార్పిడే. కాని మొదటిదానిలో నామి మారలేదు, నామం మారింది. రెండోదానిలో నామం మారడమే నామి స్వభావం గురించిన ఒక సత్యప్రకటన. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేనివాడు, మనిషైనా యంత్రమైనా, పేర్లను సరిచేసే ఉత్సాహంలో ఒక నిజాన్ని చెరిపివేస్తాడు.

ఆ సంప్రదాయంలో మరొక సద్గుణం ఉంది. పరికరం మారితే పాత వివరణను దిద్దరు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ వివరణ అని కాలావధులు రాస్తారు. నిన్నటి కదలికను నిన్నటి పరికరపు వివరణతోనే చదవాలి. లేకపోతే నేల ఊగినదానికీ మన లెక్కకూ పొంతన ఉండదు. పాతవాటిని కొత్త అర్థంలోకి బలవంతంగా మార్చకుండా, వాటి కాలపు అర్థంతో వాటిని బతకనివ్వడం ఈ పద్ధతిలోని నీతి. పాత గ్రంథాలను పరిష్కరించే పండితుడు పాటించేదీ ఇదే. తనకు నచ్చిన పాఠాన్ని మూలంలోకి ఎక్కించడు, పాఠాంతరంగా చూపుతాడు.

6. చిలుక వాక్యం ఎవరిది?

ఆప్తవాక్యం ప్రమాణమని నైయాయికుల మతం. ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. భాషా నమూనా ఆప్తుడవుతుందా? అది తరచుగా సత్యమే చెబుతుంది. కాని సత్యం చెప్పడమూ, చెప్పినది సత్యం కావడమూ ఒకటి కాదు. తెలియనప్పుడు తెలియదనడం, తప్పు చెబితే దిద్దుకోవడం, అడిగితే సమాధానం ఇవ్వడం మొదటిదానిలో ఇమిడి ఉన్నాయి. నమూనా తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే ధాటితో, ఒకే నిబ్బరంతో చెబుతుంది. తడబాటు లేని ఆ కంఠస్వరమే వినేవాణ్ణి మోసగిస్తుంది.

న్యాయసిద్ధాంతముక్తావళిలో విశ్వనాథుడు ఈ సమస్యను చిలుక రూపంలో ఎదుర్కొన్నాడు. తాత్పర్యజ్ఞానం అర్థబోధకు కారణమైతే, ఏ ఉద్దేశమూ లేని చిలుక పలికిన వాక్యం నుంచి మనకు అర్థం ఎలా తెలుస్తోంది? ఆ వాక్యం యథార్థమైతే దాని తాత్పర్యం ఈశ్వరునిదనీ, యథార్థం కాకపోతే దాని తాత్పర్యం చిలుకకు నేర్పినవానిదనీ ఆయన సమాధానం. ఈ సమాధానాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, అందులోని ఒక మెలకువ గమనించదగినది. తప్పు పలుకు వచ్చినప్పుడు వేలు చిలుక వైపు చూపలేదు. దాని వెనక ఒక మనిషి ఉన్నాడని చూపింది.

నేటి కార్యాలయాల్లో ఈ ఏర్పాటు తలకిందులైంది. పొంతన పట్టిక సరిగా వస్తే యంత్రాన్ని పొగుడుతారు. తప్పుగా వస్తే చివర ఆమోదం మీట నొక్కిన చిన్న ఉద్యోగిని నిలదీస్తారు. నమూనాను తయారుచేసినవారు, దాన్ని ఆ పనికి నియమించినవారు, ఇంత సమయంలో ఇన్ని మార్పులు పూర్తికావాలని గడువు పెట్టినవారు చిత్రంలో కనబడరు. రోజుకు రెండు వందల ప్రతిపాదనలు ముందుకు వస్తే ఏ మనిషీ చదివి ఆమోదించలేడు. అతని సంతకం ఒక అలంకారం. పూచీ పడగల స్థితిలో లేనివాడిపై పూచీ మోపడం అన్యాయం. ఈ ప్రశ్నలోని అసలైన నైతిక సంకటం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

7. పూర్వపక్షాలు

మనుషులు కూడా తప్పులు చేస్తారు గదా, నమూనా తక్కువ తప్పులు చేస్తే దానికే అప్పగించడం ధర్మం కాదా అన్నది మొదటి ఆక్షేపం. ఇందులో బలం ఉంది. అలసిన మనిషి వదిలేసేదాన్ని నమూనా పట్టుకునే సందర్భాలు నిస్సందేహంగా ఉన్నాయి. అటువంటి సహాయం చేతిలో ఉండి కూడా అహంకారంతో వాడుకోకపోవడం కూడా దోషమే. కాని ‘ఎవరు తక్కువ తప్పులు చేస్తారు’ అనే ప్రశ్నా, ‘తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలి’ అనే ప్రశ్నా వేరువేరు. మొదటిదానికి జవాబు రెండోదానికి జవాబు కాదు. మంచి వైద్యుడు అరుదుగా పొరబడతాడు. అంతమాత్రాన రోగి బంధువులకు ప్రశ్నించే హక్కు పోదు. పైగా పది కార్యాలయాల్లో పదిమంది మనుషులు పది విధాలుగా పొరబడితే ఒకరి తప్పు మరొకరి లెక్కతో బయటపడే అవకాశం ఉంది. పది కార్యాలయాలూ ఒకే నమూనాను అడిగితే ఒకే పొరపాటు పది చోట్ల జరిగి, పరస్పర సాక్ష్యంగా కనిపించే ప్రమాదం ఉంది.

ప్రతి మార్పుకూ మనిషి పరిశీలన అంటే పని సాగదన్నది రెండో ఆక్షేపం. ఇదీ నిజమే. దీనికి సమాధానం మార్పులన్నీ ఒక జాతివి కావని గుర్తించడం. ఐచ్ఛికమైన గడిని చేర్చడం, గడుల క్రమం మార్చడం, వివరణలో అక్షరదోషం దిద్దడం రూపానికి సంబంధించినవి. వీటిని యంత్రానికి వదిలేయవచ్చు. కొలమానం, సగటు తీసే వ్యవధి, గుర్తింపు, సున్న–ఖాళీల భేదం అర్థానికి సంబంధించినవి. ఇవి సంఖ్యలో తక్కువ, బరువులో ఎక్కువ. ఈ వర్గీకరణలోనూ నమూనా పొరబడవచ్చు. కాబట్టి అనుమానం ఉన్నదాన్ని అర్థమార్పుగానే భావించాలి.

అర్థం కూడా వాడుకతోనే ఏర్పడుతుంది గనుక, అందరూ నమూనా చెప్పిన అర్థాన్నే వాడితే అదే అర్థమవుతుందని మూడో ఆక్షేపం చేయవచ్చు. పదాల విషయంలో ఇది కొంతవరకు చెల్లుతుంది. రూఢి అలాగే ఏర్పడుతుంది. కొలతల విషయంలో చెల్లదు. గుంటను సెంటని లోకమంతా చదివినా పొలం గట్టు జరగదు. ఊపిరితిత్తిలోకి పోయిన ధూళి, పట్టికలో సున్న రాసినందువల్ల బయటికి రాదు.

8. సూచన, సాక్ష్యం

పై చర్చ నుంచి ఒక విభజన తేలుతుంది. ‘ఇవి రెండూ ఒకటి కావచ్చు’ అనడం సూచన. ‘ఇవి రెండూ ఒకటే’ అనడం సాక్ష్యం. సూచించడానికి పాండిత్యం చాలు. సాక్ష్యానికి పూచీ కావాలి. నమూనా సూచించవచ్చు, ఆధారాలు వెతికి ముందుంచవచ్చు, అనుమానాలు లేవనెత్తవచ్చు, మార్పిడి ప్రోగ్రాము రాయవచ్చు. సాక్ష్యం మాత్రం మనిషే చెప్పాలి. ఆ సాక్ష్యం నిజమైనది కావాలంటే కొన్ని నియమాలు అవసరం.

మొదటిది, అర్థమార్పు వచ్చినప్పుడు నమూనా ప్రతిపాదనను చూడకముందే, ఆ గడి దేన్ని కొలుస్తోందో బాధ్యుడు తన మాటల్లో ఒక వాక్యం రాయాలి. ముందే జవాబు చూసినవాడికి సొంత ఆలోచన సాగదు. రెండోది, కేంద్రంలో పరికరంతో పనిచేసేవారిని అడగాలి; దూరాన ప్రోగ్రాము రాసేవారికి తెలియనిది వారికి తెలుసు. మూడోది, పాత వరుసలను దిద్దకుండా, భూకంప లేఖకుల పద్ధతిలో కాలావధులతో పాత వివరణను నిలపాలి. అప్పుడు తప్పు జరిగినా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. నాలుగోది, ‘తెలియదు’ అని రాసే గడి ప్రతి స్కీమాలో ఉండాలి. దాన్ని వాడినవారిని అసమర్థులుగా చూడకూడదు. ఐదోది, ఒక మనిషి రోజుకు ఎన్ని అర్థమార్పులను శ్రద్ధగా పరిశీలించగలడో అంతకు మించి అతని ముందు పెట్టకూడదు. మొదటి నాలుగూ ఉద్యోగి ధర్మాలు. ఐదోది యజమాని ధర్మం. అది లేకుండా తక్కిన నాలుగూ నిలవవు.

9. ఉపసంహారం

ఉప్పల్ దారిలో నేల కదలికను నమోదు చేసే కేంద్రానికి తన సంఖ్యలను ఏభై ఏళ్ల తరవాత ఎవరు చదువుతారో తెలియదు. నాచారంలో ధూళిని లెక్కించే కేంద్రానికి తన వీధిలో ఎవరు దగ్గుతున్నారో తెలియదు. రాసేవాడూ చదివేవాడూ ఒకరినొకరు ఎన్నడూ చూడరు. వారి మధ్య ఉన్నది ఒక మాట: ‘ఈ గడిలో రాసినది ఇదే.’ ఆ మాట ఇచ్చినవారు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు, మరణిస్తారు. మాట మాత్రం ప్రవాహంలో సాగుతుంటుంది. స్కీమా మార్చడమంటే ఒకరిచ్చిన మాటను మరొకరు తిరిగి ఇవ్వడం.

ఇంకొకరి మాటను తిరిగి చెప్పడంలో చిలుక మనకంటే నేర్పరి కావచ్చు. మాట ఇవ్వడానికి మాత్రం, రేపు ఎవరైనా వచ్చి ‘మీరే గదా అన్నారు’ అంటే ‘అవును, నేనే’ అనగలిగినవారు కావాలి. ఆ ‘నేనే’ అనగల మనిషికి చదివేందుకు తీరిక, అడిగేందుకు అధికారం, తెలియదనేందుకు ధైర్యం కల్పించడం సంస్థల బాధ్యత. అవి కల్పించకుండా అతని సంతకాన్ని మాత్రం తీసుకునే వ్యవస్థ, యంత్రం ఉన్నా లేకపోయినా, ఆప్తత్వాన్ని కోల్పోయినట్టే.